పడక గదిలో దుమ్ము: ఏసీ ఏం చేస్తుంది, ఏం చేయదు?

వార్షికోత్సవ సంచికలో చదువుల గురించి, పోటీ పరీక్షల గురించి వ్యాసాలు ఎలాగూ ఉంటాయి. మేము ఈసారి మనం పీల్చే గాలి గురించి, అందులోనూ నాలుగు గోడల మధ్య గాలి గురించి రాయదలచాం. పాత మిత్రులు ఏ ఇద్దరు కలిసినా ఈ మధ్య ఒకే మాట వినబడుతోంది. "పిల్లవాడికి ఆయాసం. దుమ్ము పడదన్నారు. వాయిదాల మీద ఏసీ కొన్నాం. అయినా తెల్లవారుజామున తుమ్ములూ పిల్లికూతలూ ఆగడం లేదు." మన కుటుంబాలలో ఏసీ అంటే ఇప్పటికీ పెద్ద ఖర్చే. కొన్న తర్వాత కరెంటు బిల్లు కూడా అలాగే వస్తుంది. అంత డబ్బు పోసినప్పుడు అది చేసే పని ఏమిటో, చేయలేని పని ఏమిటో తెలిసి ఉండాలి. హాస్టల్లో ఏసీ లేని తమ్ముళ్లకు కూడా ఈ పాఠం పనికొస్తుంది. ఇందులో సగం విషయం తేమది, ఆ తేమ మన గదుల్లోనూ ఉంది.

ముందుగా మన ఊరి సంగతి. విశాఖ ఓడరేవు 1933లో మొదలైంది. ఇనుప ఖనిజం ఇక్కడి నుంచి ఓడలెక్కింది, బొగ్గు ఇక్కడ దిగింది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది, 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఎందరో మన అన్నలకు అన్నం పెట్టిన సంస్థలివి. అలాగని జ్ఞానాపురంలోనో, పాతబస్తీలోనో, మల్కాపురంలోనో డాబా మీద తెల్లచొక్కా ఆరేసిన తల్లిని అడిగితే రెండో సంగతి కూడా చెబుతుంది. సాయంత్రానికి చొక్కా మీద వేలితో గీత గీయవచ్చు. ఉత్తరాన కైలాసగిరి వైపు కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పళ్లెంలా ఊరు. చలికాలం ఉదయాల్లో గాలి కదలక పొగ, దుమ్ము ఆ పళ్లెంలోనే నిలిచిపోతాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు విశాఖ తీవ్ర కలుషిత ప్రాంతాల జాబితాలోకి ఎక్కింది. 2010 జనవరిలో ఆ జాబితాలోని ప్రాంతాల్లో కొత్త పరిశ్రమల అనుమతులను కొంతకాలం ఆపారు కూడా. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలోనూ మన నగరం పేరుంది.

అందుచేత ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా వేలు ముందుగా పోర్టు వైపే వెళుతుంది. పోర్టు దుమ్ము మంచిదని ఎవరూ అనరు. కాని ఇక్కడ ఒక తేడా గమనించాలి.

బొగ్గుపొడి, ఇనుప ఖనిజపు ధూళి, లారీల పొగ ముక్కునూ గొంతునూ ఊపిరితిత్తులనూ ఒరిపిడి పెడతాయి. ఎక్కువైతే ఎవరినైనా దగ్గిస్తాయి. ఎలర్జీ వేరు. మన శరీరంలోని రక్షణ వ్యవస్థ అపకారం చేయని ఒక వస్తువును శత్రువుగా పొరబడి దానిమీద యుద్ధం ప్రకటించడమే ఎలర్జీ. ఈ మాటను 1906లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే పుట్టించాడు. ఆ వస్తువు చాలావరకు ప్రాణి నుంచి వచ్చిన మాంసకృత్తు. పుప్పొడి, బూజు బీజాలు, బొద్దింక రెట్ట, పిల్లి చర్మపు పొట్టు, అన్నిటికంటే ముఖ్యంగా పరుపులోని ధూళి పురుగు. అందుకే ఒకే గదిలో పది మంది పడుకుంటే ఇద్దరికే తుమ్ములు వస్తాయి, ఎనిమిది మంది హాయిగా గురక పెడతారు. ఆ ఇద్దరినీ "నాజూకు" అని వెక్కిరించడం మన హాస్టళ్లలో పాత అలవాటు. అది నాజూకు కాదు, వాళ్ల రక్తం తీరు.

రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. పొగతో, బొగ్గుపొడితో ఒరుసుకుపోయిన శ్వాసనాళం ఎలర్జీకి త్వరగా లొంగుతుంది. కాని ఏ వేళకు బాధ వస్తుందో చూసుకుంటే దోషి ఎవరో కొంతవరకు తెలిసిపోతుంది. పగలు రోడ్డు మీద తిరిగినప్పుడు దగ్గి, ఇంటికి రాగానే తగ్గితే బయటి గాలిని అనుమానించాలి. పడక ఎక్కాక, దుప్పటి దులిపాక, తెల్లవారుజామున వరుసగా పది తుమ్ములు వస్తే పరుపును అనుమానించాలి. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో మాత్రమే వస్తే వీధిలో ఏడాకుల పాల చెట్టు పూసిందేమో చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి చెట్లను పడగొట్టిన తర్వాత పచ్చదనం కోసం నాటిన వాటిలో ఈ చెట్లు బాగా ఉన్నాయి. పూత కాలంలో ఆ ఘాటు వాసన పడక కిటికీలు మూసుకునేవాళ్లు మనకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

పరుపులో కాపురం

ధూళి పురుగు అంటే నల్లి కాదు. నల్లి కంటికి కనబడుతుంది, కుడుతుంది. ఇది మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, కుట్టదు, కరవదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని పరుపులో, దిండులో, బొంతలో, కార్పెట్‌లో బతుకుతుంది. ఇంటి దుమ్ము పడనివాళ్లకు అసలు పడనిది ఈ పురుగేనని 1960వ దశకంలో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు వూర్‌హోర్స్ట్, స్పీక్స్మా గట్టిగా చూపించారు. బాధ పెట్టేది ముఖ్యంగా దాని రెట్ట. ఆ రేణువులు కాస్త బరువైనవి. దుప్పటి దులిపితే లేస్తాయి, ఇరవై ముప్పై నిమిషాల్లో మళ్లీ కిందికి దిగిపోతాయి. కనుక గది మధ్యలో ఖరీదైన గాలి శుద్ధి యంత్రం పెట్టినా, మనం ముఖం ఆనించుకుని పడుకున్న దిండులోని రెట్ట దాని దాకా పోదు. పొగకూ, సన్నని ధూళికీ ఆ యంత్రం పనికొస్తుంది. అందులో హెపా అనే జల్లెడ ఉంటే మైక్రానులో పదింట మూడు వంతులంత సన్నని రేణువులను కూడా 99.97 శాతం పట్టేస్తుంది. కాని గాలిలోకి వచ్చినదాన్నే అది పట్టగలదు.

ఈ పురుగుకు ఒక బలహీనత ఉంది. అది నీళ్లు తాగదు. గాలిలోని తేమను ఒంటితో పీల్చుకునే బతుకుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 50 శాతం కంటే తక్కువగా చాలా రోజులు నిలిచి ఉంటే ఎండిపోయి చస్తుంది. ఇక విశాఖ సంగతి చూడండి. సముద్రం పక్కన, ఏడాదిలో ఎక్కువ రోజులు 70 శాతం చుట్టూ తిరిగే తేమ. అంటే మన ఊరు ధూళి పురుగుకు అత్తవారిల్లు. వానాకాలంలో గోడల మీద నల్లమచ్చలుగా లేచే బూజుకూ అంతే.

నీటి లెక్క

సామాన్యశాస్త్రం పాఠాల్లో చదివిన సాపేక్ష ఆర్ద్రతను ఒకసారి గుర్తు చేసుకుందాం. వేడిగాలి ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు, చల్లగాలి తక్కువ. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగేది దాదాపు 30 గ్రాములు. 24 డిగ్రీల దగ్గర సుమారు 22 గ్రాములే. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గది తీసుకుందాం. దాని ఘనపరిమాణం 28 ఘనపు మీటర్ల పైన. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున ఆ గది గాలిలో దాదాపు 640 గ్రాముల నీరు ఉంటుంది. ఖాళీ గది అనుకుంటున్నాం గాని అర లీటరు పైన నీళ్లు కనబడకుండా తేలుతున్నాయి. ఆ గాలిని ఊరికే 24 డిగ్రీలకు చల్లార్చితే తేమ నూటికి నూరు శాతమై మంచు చెమ్మలా కారుతుంది. 24 డిగ్రీల దగ్గర 50 శాతం కావాలంటే గాలిలో సుమారు 310 గ్రాములే మిగలాలి. తక్కిన మూడో వంతు లీటరును ఎవరైనా బయటికి తోడెయ్యాలి. తలుపు సందుల్లోంచి, మన ఊపిరిలోంచి వచ్చే కొత్త తేమ ఈ లెక్కలో లేదు.

ఆ తోడే పని చేసేదే ఏసీ. లోపలి యూనిట్‌లోని చల్లని రాగి గొట్టాల మీదుగా గది గాలి పోయేటప్పుడు ఆవిరి నీటిబొట్లై పళ్లెంలోకి జారి, పైపు గుండా బయటికి కారుతుంది. గోడ అవతల సన్నని గొట్టంలోంచి పడే ఆ చుక్కలే మనం కరెంటు బిల్లు కట్టి కొన్న ఆరోగ్యం. 1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు మొదటి ఏసీని తయారుచేసింది మనుషుల సుఖానికి కాదు. ఒక అచ్చు కార్యాలయంలో తేమకు కాగితం సాగి రంగులు తప్పుతుంటే, ఆ తేమను అదుపులో పెట్టడానికి.

కూలర్ చేసే పని దీనికి సరిగ్గా తలకిందులు. అది గాలికి నీటిని కలుపుతుంది. అనంతపురం ఎండలో అది మంచి యంత్రం. విశాఖలో అది చల్లదనం సరిగ్గా ఇవ్వదు, తేమ మాత్రం పెంచుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ల గదిలో కూలర్ వద్దని మా గట్టి అభిప్రాయం. సీలింగ్ ఫ్యాన్ గాలిని చల్లబరచదు, ఒంటి చెమటను ఆరుస్తుంది, అంతే. కాని నెలకొకసారైనా దాని రెక్కలను తడిగుడ్డతో తుడవకపోతే పేరుకున్న దుమ్మును మన మీదే చల్లుతుంది.

ఏసీ ఉన్నా తుమ్ములు ఎందుకు?

మిత్రుల ఇళ్లలో మేము చూసిన కారణాలు ఇవి. ఏసీ రాత్రి ఆరు గంటలు నడుస్తుంది. తక్కిన పద్దెనిమిది గంటలు గది మళ్లీ సముద్రపు తేమలోనే. రోజుకు కొన్ని గంటలు తేమ దొరికినా ధూళి పురుగు ప్రాణం నిలుపుకుంటుంది. కాబట్టి ఏసీ దాని సంతతిని కొంత అణచగలదేమో గాని, పరుపును వదిలేస్తే ఒంటరిగా గెలవలేదు. ఈ ఒక్క విషయం అమ్మేవాళ్లు చెప్పరు.

రెండోది, సైజు. చిన్న గదికి పెద్ద ఏసీ పెడితే పది నిమిషాల్లో చల్లబరచి ఆగిపోతుంది. నీరు తోడేంత సేపు నడవదు. గది చల్లగా ఉంటుంది, దుప్పటి చెమ్మగా ఉంటుంది. 18 డిగ్రీలకు పెట్టి బొంత కప్పుకోవడం అలాంటి పనే. 2020 జనవరి నుంచి మన దేశంలో నక్షత్రాల గుర్తుతో అమ్మే గది ఏసీలను 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేట్టు తయారుచేయాలన్న నిబంధన వచ్చింది. 24 నుంచి 26 మధ్య పెట్టి ఫ్యాన్ సన్నగా తిప్పుకుంటే చాలు. వానాకాలంలో ఎండ లేకపోయినా జిగటగా ఉన్న రోజుల్లో రిమోట్ మీద నీటిబొట్టు గుర్తుతో ఉండే డ్రై మోడ్ వాడుకోవచ్చు. గాలి నేరుగా పిల్లవాడి ముఖానికి తగలకుండా చూడాలి. చల్లని పొడిగాలి కూడా కొందరికి పిల్లికూతలు తెస్తుంది.

మూడోది జల్లెడ. ఏసీ ముందు మూత ఎత్తితే కనబడే ప్లాస్టిక్ వలలాంటిదే అది. దూది పింజలనూ ముతక దుమ్మునూ ఆపుతుంది, సన్నని ధూళిని ఆపలేదు. పోర్టు దగ్గరి ఇళ్లలో రెండు వారాలకే నల్లబడుతుంది. కుళాయి కింద కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి తిరిగి పెట్టాలి. మెకానిక్ అక్కరలేదు, పదో తరగతి పిల్లవాడు చేయగల పని. దాని వెనక ఉండే గొట్టాలను, గాలి విసిరే చక్రాన్ని మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు మనిషిని పిలిపించి కడిగించాలి. ఎప్పుడూ తడిగా ఉండే చోటు కనుక అక్కడ బూజు పడుతుంది. ఏసీ వేసిన మొదటి రెండు నిమిషాల్లో తడిసిన గోనెసంచి వాసన వస్తే బూజు చేరినట్టే. ఉదయం ఆపేముందు పావుగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపి, కిటికీ తెరిస్తే లోపలి తడి ఆరుతుంది.

నాలుగోది, అన్నిటికంటే మాకు కోపం తెప్పించేది, మూసిన గదిలో దోమల చుట్ట. గదిలో తిరిగే గాలినే ఏసీ మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది, బయటి గాలిని లోపలికి తేదు. అందులో చుట్ట వెలిగిస్తే ఆ పొగంతా రాత్రంతా మన ఊపిరిలోనే. ఒక చుట్ట కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన లెక్క తేల్చింది. దోమతెర మన హాస్టల్ రోజుల నాటి వస్తువు, సిగ్గుపడనక్కరలేదు. దాన్ని కూడా నెలకోసారి ఉతకాలి.

ఏసీ లేని హాస్టల్ గదిలో

నిద్రపోతున్న మనిషి ఊపిరి, చెమటల ద్వారా గంటకు సుమారు 40 గ్రాముల నీటిని గాలిలో కలుపుతాడు. ఒక గదిలో ఎనిమిది మంది ఎనిమిది గంటలు పడుకుంటే రెండున్నర లీటర్లు. వానకు భయపడి అన్ని కిటికీలూ బిగిస్తే ఆ నీరంతా గోడలకూ పరుపులకూ పడుతుంది. ఎదురెదురు కిటికీలు కొద్దిగానైనా తెరిచి ఉంచాలి. పైన వెంటిలేటరు ఉంటే దానికి అట్టముక్క అడ్డం పెట్టకూడదు. చలికాలం తెల్లవారుజామున పోర్టు వైపు గాలి మసకగా ఉన్నప్పుడు కిటికీలు మూసి, ఎండ ఎక్కాక బార్లా తెరవడం మేలు. తడి చొక్కాలను గదిలో తాడు మీద ఆరేయకూడదు. వాటి నీరు కూడా అదే గాలిలోకి వస్తుంది.

పడక విషయంలో ఖర్చు తక్కువ, పని ఎక్కువ. ఆదివారం బట్టల రోజున దుప్పటి, దిండు గలీబు తప్పనిసరి. వంటశాల నుంచి వేడినీళ్లు దొరికితే వాటిలో నానబెట్టాలి. 55, 60 డిగ్రీల వేడికి ధూళి పురుగు చస్తుంది. చన్నీళ్లతో ఉతికితే రెట్ట చాలావరకు పోతుంది గాని పురుగులన్నీ చావవు. బొంత, దిండు, కార్పెట్ ఎర్రటి ఎండలో, కాలే డాబా సిమెంటు మీద రెండువైపులా తిప్పుతూ కొన్ని గంటలు ఉంచి, ఆ తర్వాత కర్రతో దులపాలి. దులిపేవాడు ఎలర్జీ ఉన్న తమ్ముడు కాకూడదు, ముక్కుకు రుమాలు కట్టుకోవాలి. మన అమ్మమ్మలు సంక్రాంతి ముందు బొంతలన్నీ ఎండేసేవారు. ఏ పురుగు పేరూ తెలియకుండానే సరైన పని చేశారు. ఇంట్లో పరుపు, దిండు ఉన్నవాళ్లు జిప్పు గల రెగ్జిన్ తొడుగు, లేదా గట్టి నేత గుడ్డ తొడుగు వేయించి దాని మీద దుప్పటి పరచుకోవాలి. మా లెక్కలో ఏసీ కంటే ముందు కొనవలసింది ఇదే.

గది ఊడ్చే పద్ధతి కూడా మార్చుకోవాలి. పొడి చీపురుతో జోరుగా ఊడిస్తే సగం దుమ్ము మంచాల మీదికి ఎక్కుతుంది. తడిగుడ్డ మేలు. ట్రంకు పెట్టెల వెనక, మంచాల కింద వారానికొకసారి తుడవాలి. రాత్రి తిన్న పళ్లేలు గదిలో వదిలితే బొద్దింకలు వస్తాయి. వాటి రెట్ట కూడా ఉబ్బసానికి కారణమే.

చలి ప్రాంతాల్లో, విదేశాల్లో

మన్యంలో చదివే తమ్ముళ్లకు ఒక మాట. లంబసింగి, చింతపల్లి చలికి గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకోవద్దు. అది ఎలర్జీ విషయం కాదు, ప్రాణం విషయం. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది.

అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థుల ఇళ్లలో వేడికీ చల్లదనానికీ ఒకటే యంత్రం, గోడల్లో గాలి గొట్టాలు. ఇంటి గాలంతా ఒకే జల్లెడ గుండా తిరుగుతుంది కనుక అక్కడ జల్లెడకు విలువ ఎక్కువ. దాని మీద మెర్వ్ అనే అంకె ఉంటుంది. సంఖ్య పెరిగే కొద్దీ సన్నని ధూళిని పడుతుంది. కోవిడ్ తర్వాత 13ను ఎక్కువగా సిఫారసు చేశారు. మన యంత్రం అంత దట్టమైన జల్లెడ గుండా గాలి లాగగలదో లేదో ముందు కనుక్కోవాలి. మూడు నెలలకోసారి మార్చడం పరిపాటి. అక్కడి చలికాలంలో వేడిగాలికి తేమ పడిపోయి ధూళి పురుగులు తగ్గుతాయి. చర్మం పొడిబారుతోందని తేమ యంత్రం పెట్టి 60 శాతం దాటిస్తే వాటిని మళ్లీ పిలిచి భోజనం పెట్టినట్టే. పది పన్నెండు డాలర్లకు తేమ కొలిచే చిన్న గడియారంలాంటి పరికరం దొరుకుతుంది. ఇక్కడ కూడా కొన్ని వందల రూపాయలకు వస్తోంది. గదిలో ఒకటి పెట్టుకుని అంకె చూస్తూ ఉంటే ఏసీ నిజంగా పని చేస్తోందా లేదా అన్నది మనకే తెలుస్తుంది.

మందుల సంగతి

గది ఎంత శుభ్రం చేసినా మందు అవసరమైనవారికి అది అవసరమే. ఏసీ కొన్నాం కదా అని ఇన్‌హేలర్ ఆపేసిన ఇళ్లు మాకు తెలుసు. "పీల్చే మందు అలవాటైపోతుంది" అనే మాట మన పేటల్లో బలంగా ఉంది. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. రోజూ పీల్చే నివారణ మందు మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కనుక, మాత్రగా మింగేదానికంటే ఎంతో తక్కువ మోతాదు చాలు. డాక్టరు చెప్పకుండా మానకూడదు. కింగ్ జార్జి ఆసుపత్రిలోను, పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలోను ప్రభుత్వ వైద్యం ఉంది. ఏ వేళకు, ఏ గదిలో, ఏ పని చేశాక బాధ వచ్చిందో పదిహేను రోజులు నోటుబుక్కులో రాసి తీసుకెళితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

గదిలో ఎవరైనా ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, ఊపిరికి డొక్కలు లోపలికి పోతున్నా, పెదవులు నీలంగా మారినా, తక్షణం పీల్చే మందుకు తగ్గకపోయినా ఉదయం దాకా ఆగవద్దు. పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, వార్డెన్ గారిని లేపి, 108కి ఫోను చేయండి.